గద్ది మీద కుర్చీ

నవంబర్ 5, బుధవారం

ఫిజియో పిల్ల అనూష చెప్పింది కాబట్టి రాస్తున్నాను. రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక నంబర్ వెయ్యాలట. పక్కన ఆ రోజు ఏం చేశానో రాయాలట. దీన్ని పెయిన్ డైరీ అంటారట.

ఆరేళ్ళ నుంచి ఎడమ తుంటిలో మొదలై కాలి బొటనవేలి దాకా ఒకటే మంట, ఒకటే గుంజుడు. దీనికి నంబరేంటి? పది అని వేస్తే ఎక్కువ చేస్తోందంటారు. ఐదు అని వేస్తే, ఐదే కదా, లేచి రొట్టెలు చెయ్యమంటారు. నేను నంబర్ వెయ్యను. అనూష ఏమనుకుంటే అదే అనుకోనీ.

తెలుగులో రాస్తున్నాను. ఆసిఫాబాద్‌లో ఇంటర్ దాకా తెలుగులోనే చదివాను. ఈ ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. మా ఆయనది మరాఠీ స్కూలు. కూతురు శ్రీవాణిది ఇంగ్లీషు స్కూలు. మా అత్తమ్మకి సంతకం ఒక్కటే వచ్చు, అదీ మరాఠీలో. ఈ బుక్కు టీవీ పక్కన పడేసినా నాకేం భయం లేదు. ఎంత కావాలంటే అంత తిట్టుకోవచ్చు.

మొదటి తిట్టు ఎమ్మారై మెషీన్‌కి. నాగ్‌పూర్ దాకా తీసుకెళ్ళి అందులో పడుకోబెడితే, అంతా క్లీన్ అని రిపోర్టిచ్చింది. దాని మొహం మండ. ఆ రిపోర్టు మా ఆయన బీరువాలో దాచిపెట్టాడు, ఇంటి కాగితాలతో పాటు.

ఆయన పేరు ఓంప్రకాష్. మొగుడి పేరు పలకకూడదని పెళ్ళిలో చెప్పారు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 7, శుక్రవారం

కార్తీకంలో తులసమ్మకి చేసే పెళ్ళి అయిపోయింది. పెళ్ళిళ్ళ సీజన్ మొదలు. ఇంట్లో మొహాలు మాడిపోతున్నాయి, నా వల్లే.

గోల్ బజార్‌లో మాకు చీరల షాపు ఉంది. ఇప్పుడు ఊరంతా గాజు తలుపులు, ఏసీలు, కౌంటర్లు వచ్చాయి. మాది ఇంకా గద్దే. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చెప్పులు బయట విడవాలి. కొనేవాళ్ళూ కిందే, అమ్మేవాళ్ళూ కిందే. గడ్‌చాందూర్, రాజురా, కోర్పనా వైపు నుంచి పెళ్ళివాళ్ళు షోరూములన్నీ దాటుకుని మా దగ్గరికి వస్తారంటే ఆ గద్ది కోసమే. కుటుంబమంతా కూర్చుని, చాయ్ తాగి, పోట్లాడుకుని, పూటంతా గడిపి మరీ కొంటారు.

ఆ గద్దికి మడి ఉంది. దీపావళికి లక్ష్మీపూజ దాని మీదే చేస్తారు. దాని మీద కాళ్ళు చాపకూడదు. గల్లాపెట్టె కన్నా ఎత్తులో ఎవరూ కూర్చోకూడదు. ఇంటి కోడలు బాసింపట్టు వేసుకుని గల్లా పక్కన కూర్చోవాలి. ముందుకు వంగి, మడత విప్పి, ఒక్క విసురుతో చీర మొత్తం పరచాలి. పెళ్ళయినప్పటి నుంచి పరిచాను. పరిచి పరిచి ఇదిగో, ఇట్లా అయ్యాను.

డాక్టర్ కింద కూర్చోవద్దని రాసిచ్చాడు. దీపావళి నుంచి ఇంట్లో ఉంటున్నాను. ఇంట్లో ఉంటే ఊరికే ఉంటానా, వంట ఎవరు చేస్తున్నారు? అది లెక్కలోకి రాదు. అత్తమ్మ కమలాక్షికి డెబ్బై దాటాయి. రోజూ చెప్పులేసుకుంటూ గుమ్మంలో నిలబడి ఒకటే మాట. మాకు నడుముల్లెవ్వా, మేం కూసోలేదా, అని. అని వెళ్ళిపోతుంది. జవాబు వినడానికి కూడా ఆగదు.

నవంబర్ 10, సోమవారం

ఏటా జరిగే మరాఠీ నాటక పోటీలు మొదలయ్యాయి. సాయంత్రం ఏడింటికి, సభాగృహంలో.

కోడలిగా వచ్చిన కొత్తలో ఒక కస్టమర్ పాసులిస్తే మొదటిసారి వెళ్ళాను. అప్పటికి మరాఠీ సరిగ్గా రాదు. సగం అర్థం కాలేదు, అయినా చివర్లో కళ్ళు తుడుచుకున్నాను. నా మరాఠీ అంతా ఆ హాల్లో నేర్చుకున్నదే. షాపులో బేరాలు నేర్పింది వేరే మరాఠీ. కరోనా అప్పుడు తప్ప ఏ ఏడూ మానలేదు. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ పదిహేను రోజులే.

మధ్యాహ్నమంతా పడుకుని నడుముని దాచిపెట్టుకున్నాను. గోలీ వేసుకుని ఆటో ఎక్కాను. ఒక్కొక్క గుంతకీ మున్సిపాలిటీ వాళ్ళని మనసులో పేరుపేరునా తలుచుకున్నాను. చివరి వరుసలో చివరి కుర్చీ. కింద దిండు. ఎడమ వైపు సగం గాల్లో పెట్టి కూర్చుంటాను. అదీ పడకపోతే లేచి వెనక గోడకి ఆనుకుని నిలబడతాను. గోడ దగ్గర నాకు ఒక తోడు కూడా ఉన్నాడు. మాజ్రి గనిలో పనిచేసి రిటైరైన బాపురావు గారు. వెన్ను గనిలోనే పోగొట్టుకున్నాడు. నాటకమంతా నిలబడే చూస్తాడు. కూసున్నా గదే నొప్పి, నిలబడ్డా గదే నొప్పి, నిలబడితే జర స్టేజీ మంచిగ కనవడ్తది బిడ్డా, అన్నాడు.

ఇవాళ్టి నాటకంలో ఒక ఊరు బొగ్గు గని కిందకి పోతుంది. అందరూ సామాన్లు సర్దుకుంటారు. ఒక ముసలమ్మ మాత్రం తన ఇంటి గడప పెకిలించి నెత్తిన పెట్టుకుంటుంది. దీన్ని ఎక్కడ దించాలి అని ఒక్కొక్కరినే అడుగుతుంది. ఎవరూ చెప్పరు. లైట్లు ఆరిపోయేసరికి కూడా గడప ఆమె నెత్తి మీదే ఉంది.

ఏడ్చాను. పక్కన బాపురావు గారు కూడా ముక్కు చీదుతున్నాడు.

ఇది సరిగ్గా రాసుకోవాలి. నాటకం చూస్తే నొప్పి మర్చిపోతావా అని అందరూ అడుగుతారు. ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. నొప్పి అక్కడే ఉంది, తుంటిలో కూర్చుని తన పని తాను చేసుకుంటూనే ఉంది. కానీ ఇంట్లో అయితే నాకు అదొక్కటే. అక్కడ అదీ ఉంది, ఆ ముసలమ్మా ఉంది, ఆ గడపా ఉంది. నేను వెళ్ళేది ఆ తేడా కోసం.

నవంబర్ 11, మంగళవారం

మంచం దిగలేదు. నిన్నటి కుర్చీకి ఇవాళ ఇట్లా ఉంటుందని తెలిసే వెళ్ళాను.

నవంబర్ 14, శుక్రవారం

ఇవాళ శ్రీవాణి కూడా వచ్చింది. కాలేజీలో ఏదో సబ్మిషన్ అయిపోయిందట, మమ్మీతో వస్తానంది. ఎన్నేళ్ళకి!

కామెడీ నాటకం. ఒక పెద్దాయన చచ్చిపోయాడని ఇంట్లోవాళ్ళు తేర్వీ, అంటే పదమూడో రోజు భోజనాలు పెడుతుంటారు. ఆయనేమో చావలేదు, అటక మీద దాక్కుని తన గురించి ఎవరేమంటున్నారో వింటుంటాడు. కింద ఎవడో ఆయన్ని తెగ పొగుడుతాడు. పైనుంచి ఈయన ఆగలేక, అబద్ధం, వీడు నా గొడుగు ఎత్తుకుపోయినోడు అని అరుస్తాడు. అందరూ అది ఆత్మ ఒంట్లోకొచ్చి మాట్లాడిందనుకుని గొడుగు దొంగ కాళ్ళు కడుగుతారు, వాడు హడలిపోయి గొడుగు తెచ్చిచ్చేస్తాడు. నాకు నవ్వు ఆగలేదు. ముందు కుర్చీ పట్టుకుని నవ్వాను. నవ్విన ప్రతిసారీ నడుము దగ్గర కరెంటు కొట్టినట్టు కాలిలోకి జారింది. అయినా నవ్వాను. ఏం చెయ్యను, గొడుగు తిరిగొచ్చేసింది మరి.

ఆటోలో శ్రీవాణి నా భుజం మీద తల పెట్టుకుంది. కితీ ఛాన్ హస్తేస్ మమ్మీ, అంది. ఎంత బాగా నవ్వుతావు అని. చిన్నప్పుడు చూసింది నా నవ్వు, తర్వాత ఇప్పుడే చూడటం.

నవంబర్ 15, శనివారం. పొద్దున

శ్రీవాణి నేను నవ్వేటప్పుడు వీడియో తీసిందట. తీసి ఊరుకోకుండా పరివార్ గ్రూపులో పెట్టింది. బల్లార్‌పూర్, యవత్‌మాళ్, మంచిర్యాల, చుట్టాలందరూ ఉన్న గ్రూపు. ‘మై హ్యాపీ మమ్మీ’ అని రాసి, మూడు గుండె బొమ్మలు పెట్టింది.

మధ్యాహ్నం

లైకులే లైకులు. బల్లార్‌పూర్ ఆడపడుచు, వదిన ఫుల్ ఫిట్, అని పెట్టింది. యవత్‌మాళ్ చిన్నత్త, నడుం నొప్పికి గిదే మంచి మందు, అని పెట్టి పక్కన నవ్వే మొహం బొమ్మ. ఎవడో శ్రీవాణికి తమ్ముడి వరసవాడు, షాపులో నాటకం పెట్టిస్తే రోజు వస్తది పెద్దమ్మ, అని రాశాడు. దానికి మళ్ళీ తొమ్మిది మంది నవ్వారు. ఆరేళ్ళలో నా కాలు ఎట్లా ఉందని ఒక్క మెసేజ్ పెట్టని జాతి ఇది. ఇవాళ నా నవ్వు మీద అందరికీ అభిప్రాయాలున్నాయి!

అత్తమ్మ కొడుకు ఫోన్లో చూసింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది.

రాత్రి

భోజనాలప్పుడు అత్తమ్మ అంది. గాడ కుర్చీల గంతసేపు కూసుని ఇగిలించచ్చు, గీడ గద్ది మీద కూసుంటే మాత్రం నడుం పోతది, అని. కుర్చీ వేరు, నేల వేరు అత్తమ్మా, అన్నాను. ఆడ కూసున్న నడుమే గద ఈడ కూసుండేది, అంది. ఓంప్రకాష్ పప్పులో రొట్టె ముంచుకుంటూ ఉన్నాడు. తల ఎత్తలేదు. వాళ్ళమ్మ అన్నది తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ తల అట్లా పప్పులోనే ఉంది.

నవంబర్ 16, ఆదివారం

శ్రీవాణి ఏడ్చింది. వీడియో తీసేసింది, కానీ ఇప్పుడు తీసేస్తే ఏం లాభం, అందరూ చూసేశారు. నేను మంచిగున్నవని అందరికి చూపిద్దామనుకున్న మమ్మీ, అంది. దాని మీద కోప్పడలేకపోయాను. అది నా నవ్వుని చూసి మురిసిపోయింది, అంతే కదా.

కాసేపటికి అడిగింది. నవ్వేటప్పుడు కూడా నొచ్చిందా, అని.

నొచ్చిందన్నాను.

మరెందుకు నవ్వినవ్, అంది.

నవ్వొచ్చింది కాబట్టి, అన్నాను. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఇంజినీరింగ్ చదువుతోంది, తల్లి గురించి ఇది కొత్తగా తెలిసినట్టు చూసింది.

నవంబర్ 17, సోమవారం

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఓంప్రకాష్ తనే బయల్దేరాడు, మామూలుగా రానేరానివాడు. లోపలికి వెళ్ళగానే జేబులోంచి ఫోన్ తీశాడు. వీడియో! గ్రూపులోంచి పోయినా తన ఫోన్లో దాచిపెట్టుకున్నాడు. దొంగతనం పట్టుకున్న పోలీసులాగా డాక్టర్ టేబుల్ మీద పెట్టి, చూడండి సార్, రెండు గంటలు కూసుంది, అన్నాడు.

నా నవ్వుని నా మీదే సాక్ష్యంగా తెచ్చాడు.

ఆ డాక్టరైనా నాలుగు చీవాట్లు పెడతాడనుకున్నాను. ఆయన వీడియో చూసి మురిసిపోయాడు. వెరీ గుడ్, వెరీ గుడ్, నాటకం, సంగీతం, ఇవన్నీ పెయిన్‌కి మంచి మెడిసిన్, రోజూ ఒక గంట పెట్టుకోండి, అన్నాడు. గోలీల చీటీ మీద రాస్తాడేమో అని చూశాను. పొద్దున ఒక నాటకం, రాత్రి ఒక నాటకం, భోజనం తర్వాత.

బయటికి రాగానే ఓంప్రకాష్, మనసు మంచిగుంటే నొప్పి లేదన్నట్టేగా, గా మనసు జర షాపుల పెట్టు, అన్నాడు. సీజన్ నడుస్తుంది, అమ్మ ఒక్కతే కూసుంటుంది, ఎల్లుండి నుంచి రా, అన్నాడు.

ఇద్దరి మీదా మండుతోంది. ఒకడికి నేను నవ్వితే నొప్పి అబద్ధం. ఇంకొకడికి నేను నవ్వితే అదొక గోలీ. నాటకం చూడటానికి వెళ్ళాను రా బాబూ, నాటకం చూడటానికి! మందు తాగడానికి కాదు. కాళ్ళూ నడుమూ బాగున్నవాళ్ళు ఆ హాల్లో వందల మంది ఉన్నారు. వాళ్ళని ఎవరైనా అడిగారా, దేనికి మందుగా వచ్చారని? నొప్పి ఉన్నదానికి మాత్రం ఉత్తగా ఒక నాటకం నచ్చకూడదు. నచ్చితే నొప్పి లేదనాలి, లేదా నొప్పికి పనికొచ్చిందనాలి.

అనూష ఫోన్ చేసి ఈ వారం నంబర్లు అడిగింది. పెట్టేశాను ఫోను.

నవంబర్ 19, బుధవారం

వెళ్ళాను. కింద కూర్చున్నాను. సరే, చూద్దాం, అనుకున్నాను. మొండితనం నాకూ ఉంది.

గడ్‌చాందూర్ నుంచి పెళ్ళివాళ్ళు. పెళ్ళికూతురు, తల్లి, ఇద్దరు మేనత్తలు, ఒక నాన్నమ్మ. అత్తమ్మ గల్లా దగ్గర, పక్కన నేను. షాపులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న సదానందం అరల్లోంచి కట్టలు దించి నా ముందు పడేస్తుంటే, నేను వంగి, విప్పి, విసిరి పరుస్తున్నాను. మొదటి చీరకే కాలు మండింది. ఆ తర్వాత మండటం ఆగిపోయి మొద్దుబారింది. అది ఇంకా చెడ్డదని నాకు తెలుసు. ఎర్రది కాదు, మెరూన్ చూపించు. మెరూన్ కాదు, ఇంకొంచెం ఎరుపు చూపించు. మేనత్తలిద్దరికీ పడదు, ఒకామెకి నచ్చింది ఇంకొకామెకి నచ్చదు. నేను నవ్వుతూనే ఉన్నాను. కస్టమర్ ముందు నవ్వాలి. ఈ నవ్వుని ఎవరూ వీడియో తియ్యలేదు, అడగనూ లేదు, నొప్పి ఉందా అని.

వాళ్ళు లేచారు. నేను లేవలేకపోయాను.

ఎడమ కాలు నాది కాదు. చేతులు ఆనించి లేవబోయి, పరిచిన చీరల మీద బోర్లా పడ్డాను. పెళ్ళికూతురు అయ్యో అంది. సదానందం పరిగెత్తుకొచ్చి ఒక భుజం పట్టుకున్నాడు, వాళ్ళలో ఒక మేనత్త ఇంకో భుజం. ఇద్దరూ కలిసి సంచిని లేపినట్టు లేపారు. నాన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అత్తమ్మ అందరికీ వినబడేటట్టు అంది. నాటకాలు చూసి చూసి మా కోడలికి నాటకాలు పట్టువడ్డయి, అని.

నవంబర్ 20, గురువారం

కోపం తగ్గుతుందేమో అని రోజంతా చూశాను. తగ్గలేదు.

నవంబర్ 21, శుక్రవారం

ఇది తొందరగా రాయాలి.

వంటింట్లో నేను కూర్చుని కూర తరుక్కునే చెక్క కుర్చీ ఉంది, చేతులున్నది. నాలుగు కాళ్ళూ తడిబట్టతో తుడిచాను. పాత జరీ చీర చించి నాలుగు కాళ్ళకీ గుడ్డలు కట్టాను, తెల్ల దుప్పటి మీద మరక పడకుండా. ఎంత కోపంలో ఉన్నా దుప్పటి సంగతి మర్చిపోలేదు, చూడండి నా బతుకు. ఆటోలో వేసుకుని గోల్ బజార్ వెళ్ళాను.

షాపు నిండా జనం. రాజురా పెళ్ళివాళ్ళు ఒక బ్యాచి, ఇంకెవరో ఇంకో బ్యాచి. చెప్పులు విడిచాను. కుర్చీ ఎత్తుకుని గద్ది మీదకి ఎక్కాను. సదానందం, వద్దు వదినా, వద్దు వదినా, అంటూ వెనకాలే వచ్చాడు, కానీ కుర్చీ పట్టుకుని ఆపలేదు. నేరుగా గల్లా పక్కకి తీసుకెళ్ళి వేశాను. కూర్చున్నాను.

షాపంతా చీరలు వదిలేసి నా వైపు తిరిగింది.

నా మోకాళ్ళ దగ్గర అత్తమ్మ తల. గల్లాపెట్టె ఇంకా కింద. ఆమె నన్ను తలెత్తి చూడాల్సి వచ్చింది, పెళ్ళయిన తర్వాత మొదటిసారి. లచ్చిమి కూసునే జాగల కుర్చేస్తవా, సిగ్గు లేదా, దిగు, అని అరిచింది. ఓంప్రకాష్ బయటి నుంచి పరిగెత్తుకొచ్చాడు. గొంతు తగ్గించి, అందరు చూస్తుండ్రు, దిగు, అన్నాడు. అందరూ చూడాలనే ఎక్కాను. మొన్న చీరల మీద బోర్లా పడ్డప్పుడు కూడా అందరూ చూశారు, అప్పుడు నీకు సిగ్గు వెయ్యలేదా, అన్నాను. పేరు పెట్టి పిలిచి అన్నాను. ఓంప్రకాష్, అని. రాజురా వాళ్ళ ముందు, సదానందం ముందు, వాళ్ళమ్మ ముందు. నాటకంలో చిన్న పాత్రవాడు మాట మర్చిపోతే నిలబడతాడు చూడు, అట్లా నిలబడ్డాడు.

సదానందం ఏం చెయ్యాలో తోచక ఒక కట్ట నా ఒళ్ళో పెట్టాడు. విప్పి కిందకి వదిలాను. ఎత్తు నుంచి వదిలితే చీర ఎంత బాగా జారుతుందో తెలుసా? ఒళ్ళోంచి గద్ది దాకా అంచు మొత్తం ఒక్కసారిగా కనిపించింది. వంగే పని లేదు, విసిరే పని లేదు. పెళ్ళికూతురు, గదే, గదే చూపియ్యండి, అంది. పక్కన వాళ్ళ ముసలమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంది. ఆమె చీర చూడటం లేదు. నా కుర్చీని చూస్తోంది.

నొప్పి లేదా? ఉంది. కుర్చీలో కూడా ఉంది. సాయంత్రానికి కాలు దూలంలా బరువెక్కింది. కానీ లేచినప్పుడు నేనే లేచాను, ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. శ్రీవాణి ఒక్కతే గదిలోకి వచ్చి, సదానందం కాక అంతా చెప్పిండు, అంది. ఇంకోసారి చెయ్యవా మమ్మీ, నేను చూస్త, అంది. నవ్వొచ్చింది. నవ్వినందుకు నడుం నొచ్చింది కూడా.

నవంబర్ 22, శనివారం

పొద్దున మంచం దిగడానికే చాలాసేపు పట్టింది. షాపు చేరేసరికి పదకొండు దాటింది. కుర్చీ బయట రోడ్డు మీద పడేసి ఉంటుందనుకున్నాను. పసుపునీళ్ళు చల్లి గద్దిని శుద్ధి చేసి ఉంటారనుకున్నాను. దానికి తగ్గ మాటలు ఆటోలోనే తయారు చేసుకున్నాను.

కుర్చీ అక్కడే ఉంది. అందులో అత్తమ్మ కూర్చుని ఉంది.

పొట్టి మనిషి. కాళ్ళు గద్దికి అందడం లేదు, గాల్లో ఊగుతున్నాయి. నా వైపు చూడకుండా, నువ్వు ఎప్పుడొస్తవో ఎరుకలేదు, ఉత్తగుంది గద అని కూసున్న, అంది. సరే, ఇప్పుడు వచ్చాను కదా అన్నట్టు నిలబడ్డాను. లేవలేదు. లచ్చిమి కూసునే జాగ అని నిన్న అరిచిన మనిషి, ఇవాళ షాపు మూసే దాకా లేవలేదు! మధ్యలో చాయ్ కూడా అందులోనే తాగింది. నేను రోజంతా చీరల అరకి ఆనుకుని నిలబడ్డాను, నాటకాల హాల్లో గోడకి ఆనుకున్నట్టు. సదానందం పక్కకి తిరిగి నవ్వుకున్నాడు, నేను చూశాను.

సాయంత్రం దిగింది. అప్పుడు చూశాను. కుడి చెయ్యి కుర్చీ చెయ్యి మీద, ఎడమ చెయ్యి తుంటి మీద. కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముందు కుడి కాలు. నేను దిగే పద్ధతే. ఎవరూ నేర్పక్కర్లేని పద్ధతి.

మాకు నడుముల్లెవ్వా అని ఆమె రోజూ అడిగేది. ఉంది. ఆ నడుంలో నొప్పి ఎన్నేళ్ళ నుంచి ఉందో. ఆ గద్ది మీదే వచ్చి ఉంటుంది, నాకు వచ్చినట్టే. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోకపోతే మానె, నేను చెప్పుకుంటే ఓర్వలేదు. తాను నోరు మూసుకుని భరించింది కాబట్టి నేనూ నోరు మూసుకోవాలని ఆరేళ్ళు నన్ను కాల్చుకు తింది.

జాలి పడాలేమో. పడలేదు. ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. తెలిసి కూడా చేసింది కదా! తెలియని ఎమ్మారై మెషీన్‌ని అన్ని తిట్లు తిట్టాను.

నవంబర్ 24, సోమవారం

శ్రీవాణి డైనింగ్ టేబుల్ కుర్చీ ఇంకొకటి స్కూటీ మీద కట్టుకుని షాపుకి తెచ్చింది. నిన్న దాని కాళ్ళకి కూడా గుడ్డలు కట్టమని నన్నే అడిగింది. గద్ది మీద ఒక్క కుర్చీ ఉంటేనే తల కొట్టేసినట్టుంది, రెండోది దేనికి, అన్నాడు వాళ్ళ నాన్న. అప్పటికే శ్రీవాణి కుర్చీ వేసేసింది. గల్లాకి అటు ఒకటి, ఇటు ఒకటి. అటు ఆమె, ఇటు నేను.

సాయంత్రం బయల్దేరబోతుంటే అత్తమ్మ అడిగింది. రేపు గా నాటకాలకు పోతవా, అని. పోతాను, రేపు ఆఖరిది, అన్నాను. ఆపగలిగితే ఆపు, అన్నట్టే అన్నాను.

నేను గుడ వస్త, అంది. నువ్వు ఎట్ల కూసుంటవో నా కండ్లతోని చూస్త, నొప్పి ఉందో లేదో గప్పుడు తెలుస్తది, అంది.

రండి, అన్నాను. చూడండి. బాగా చూడండి.

నవంబర్ 25, మంగళవారం

ఊర్జానగర్ పవర్ స్టేషన్ వాళ్ళ నాటకం. అత్తమ్మ నా పక్క కుర్చీలోనే. సగంలో కరెంటు పోయింది.

చీకట్లో పక్క కుర్చీలోంచి అమ్మా, నా నడుమూ, అని ఒక మూలుగు. నా దిండు తీసి అటు జరిపాను. తీసుకుంది.

లైట్లొచ్చేసరికి స్టేజీ మీద దొంగ వేషంవాడు తడుముకుంటూ వెళ్ళి పోలీసు ఒళ్ళో కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ ఒక చెయ్యి తుంటి మీద పెట్టుకుని, ముందు కుర్చీ పట్టుకుని, నోరారా నవ్వింది.

నా కోపం పోలేదు. ఆ నవ్వుని వీడియో మాత్రం తియ్యలేదు.